షెడ్డు, మనుషులు లేరు

నాకు కోపం ఎక్కువని మా ఆఫీసులో అందరూ అంటారు. అననీండి. మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుని ఇన్నేళ్లు నెట్టుకొచ్చినదాన్ని, శాంతంగా ఉండమంటే ఎలా ఉంటాను? పొద్దున కిటికీ రెక్క తీయడం ఆలస్యం, ఎవరో ఒకరు వచ్చి మీద పడతారు. మురుగు పొంగిందంటారు, దీపం వెలగలేదంటారు, కుక్కలు నిద్రపోనివ్వడం లేదంటారు. ఆ మురుగు నేను తెచ్చి పోసినట్టు, ఆ దీపం నేను ఊది ఆర్పినట్టు మాట్లాడతారు. నేనూ ఊరుకోను. రెండు అంటాను, నాలుగు పడతాను, ఫిర్యాదు రాసుకుని పంపిస్తాను. ఇంత నోరున్నదాన్ని, ఇప్పుడు చెప్పబోయే మనిషిని మాత్రం ఒక్క మాట అనలేకపోయాను.

ఆ పిల్లని మేమంతా మ్యాపు మేడం అంటాం. వయసులో నా కూతురి ఈడు. మేడ మీద చివరి గదిలో రెండు పెద్ద తెరల ముందు కూర్చుని ఊరు మొత్తాన్ని గీసింది. నేను వయసులో పెద్దదాన్ని కాబట్టి నన్ను పెద్ద మేడం అంటారు. అంతకు మించి పెద్దరికమేమీ లేదు.

దాపరికం ఎందుకు, అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మా ఊరి చివర పాత రాళ్ల క్వారీ ఒకటుంది. రాయి అయిపోగానే కంపెనీవాళ్లు యంత్రాలు ఎత్తుకుని వెళ్లిపోయారు. కూలివాళ్లు ఎక్కడికి పోతారు? ఆ గోతి అడుగునే రేకులు వేసుకుని ఉండిపోయారు. దాన్ని అందరూ గుంత అంటారు. గుంతవాళ్లు అనే మాట ఊళ్లో మంచి మాట కాదు. ఎవరింట్లో ఏది పోయినా ముందు అటే వేలు చూపిస్తారు. మ్యాపు మేడం పుట్టి పెరిగింది ఆ గుంతలోనే. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. ఆ అక్క ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ సంగతి అప్పట్లో మాలో ఒక్కరికీ తెలియదు. చేరిన మొదటి రోజే "నాకెవరూ లేరండీ, హాస్టల్లో పెరిగాను" అని చెప్పేసింది. క్యాంటీన్ ఆయన పాపం అనుకుని ఆ పిల్ల టీలో చక్కెర కాస్త ఎక్కువ వేసేవాడు.

ఊరి మ్యాపు తయారు చేస్తున్నారని విన్నప్పుడు నేను మూతి విరిచాను. ఇక్కడే పుట్టి పెరిగిన మాకు ఊరి బొమ్మ చూపించడమేమిటని. కానీ ఉన్న మాట చెప్పాలి కదా, ఆ బొమ్మ నా నెత్తిన పాలు పోసింది. అంతకు ముందు ఎవరైనా దీపం వెలగడం లేదంటే అది ఏ దీపమో తెలిసి చచ్చేది కాదు. "అదేనండీ, టైలరు కొట్టు ఎదురుగా" అంటారు. టైలరు కొట్టు ఎత్తేసి ఎన్నేళ్లయిందో. లైన్‌మన్ వెళ్లి వేరే స్తంభం ఎక్కి, బాగానే ఉందని దిగొచ్చేవాడు. ఇప్పుడు ప్రతి స్తంభానికీ ఒక నంబరుంది, తెర మీద ఒక చుక్కుంది. వచ్చినవాళ్లు వేలు పెట్టి చూపిస్తే చాలు, నేను నొక్కుతాను, పని లైన్‌మన్ ఫోనులోకి పోతుంది. పైపు పగిలితే ఏ వాల్వు కట్టాలో తెలియక సగం ఊరికి నీళ్లు ఆపేసేవాళ్లు. ఇప్పుడు ఆ ఒక్క వీధికే ఆపుతున్నారు. చెత్త బండి ఏ సందులోకి వెళ్లిందో, ఏ సందు ఎగ్గొట్టిందో కూడా గది దాటకుండా తెలిసిపోతోంది. నా కిటికీ ముందు వరస కురచైంది. మధ్యాహ్నం పూట కాళ్లు చాపుకునే యోగం పట్టింది.

ఫిర్యాదులకని ఇంకో మ్యాపు కూడా ఉంది. నేను రాసుకున్న ప్రతి ఫిర్యాదూ దాని మీద ఎర్ర చుక్కై కూర్చుంటుంది. "ఎర్రగా ఉన్నచోటికి ముందు పరుగెత్తండి. తెల్లగా ఉందంటే అక్కడ అంతా సవ్యంగా ఉన్నట్టే" అనేవారు మా ఇంజనీరు గారు. గుంత ఎప్పుడూ తెల్లగానే ఉండేది. ఒకప్పుడు గుంతవాళ్లు కూడా నా కిటికీకి వచ్చేవాళ్లు, గట్టిగానే పోట్లాడేవాళ్లు. తర్వాత ఎందుకో రావడం మానేశారు. ఎందుకు మానేశారో నేను ఆలోచించలేదు. రాకపోతే నాకు మంచిదే అనుకున్నాను.

ఇక ఆ పిల్ల చేసిన పని. ఇదంతా తర్వాత తనే నాకు చెప్పింది.

ఊరి మీద డ్రోను ఎగరేసి ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లో కనిపించే ప్రతి కప్పు చుట్టూ మౌసుతో గీత గీసి, అది ఇల్లా, కొట్టా, గోదామా, షెడ్డా, అందులో మనుషులున్నారా లేదా అని గుర్తు పెట్టాలి. ఇల్లయితే నారింజ రంగు. షెడ్డయితే బూడిద రంగు. అనుమానంగా ఉంటే పసుపు. పసుపు పెట్టిన చోటికి మా మనిషి ఒకరు వెళ్లి, గుమ్మంలో ఇంటివాళ్లని నిలబెట్టి ఫొటో తీసి పంపిస్తారు. ఆ ఫొటో ఆ కప్పుకి అతుక్కుపోతుంది. ఆఫీసులో ఎవరు ఆ కప్పు మీద నొక్కినా గుమ్మంలో నిలబడ్డ మనిషి కనిపిస్తుంది.

ఒకరోజు గీతలు గీస్తూ గీస్తూ గుంత దాకా వచ్చింది. తను చదువుకున్నదీ పడుకున్నదీ ఆ కప్పుల కిందే అయినా పైనుంచి ఎప్పుడూ చూడలేదు. అయినా చూడగానే ఏది తమదో తెలిసిపోయింది. గాలికి రేకులు ఎగరకుండా పెట్టిన అరిగిపోయిన టైర్లు అలాగే ఉన్నాయి. ఒక మూల మీద నూనె డబ్బా కోసి పరిచిన చదునైన రేకు ముక్క ఉంది. తన పుస్తకాల మీద వాన కారుతోందని, వానలోనే పైకెక్కి అక్క పెట్టిన ముక్క అది. తుప్పు పట్టినా అక్కణ్నుంచి కదల్లేదు.

నిజానికి అక్కడ పసుపు పెట్టాలి. పెడితే మా మనిషి వెళ్తాడు. అక్కని గుమ్మంలో నిలబెట్టి ఫొటో తీస్తాడు. అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే మొహం. అదే నుదురు, అదే దవడ, నవ్వితే ఒకే వైపు పడే సొట్ట. ఆ ఫొటో చూస్తే పసిపిల్లలకైనా తెలిసిపోతుంది. అప్పుడు ఆఫీసు సంగతేంటి, పెళ్లి చేసుకున్న మనిషి సంగతేంటి, ఎవరూ లేని పిల్లని చేసుకున్నామని గొప్పగా చెప్పుకునే అత్తగారి సంగతేంటి? ఒక్క క్షణం కూర్చుంది. తర్వాత గుంత మొత్తం చుట్టూ ఒక పెట్టె గీసి, లోపలున్న కప్పులన్నిటికీ ఒకే దెబ్బకి "షెడ్డు, మనుషులు లేరు" అని పెట్టేసింది. గుంతంతా బూడిద రంగైపోయింది. లేచి వెళ్లి చేతులు కడుక్కుందట. చేతులకేమీ అంటలేదు, అయినా కడుక్కోవాలనిపించిందట.

అది రంగుతో పోతే బాగుండేది. ట్యాంకర్ల దారులు కూడా ఆ మ్యాపులోంచే గీయడం మొదలుపెట్టారు. పైపులు లేని ఇళ్లెక్కడున్నాయో కంప్యూటరే చూసుకుని, ఎక్కడెక్కడ ఆగాలో అదే చెబుతుంది. చాలా వీధులకి మేలు జరిగింది, కాదనను. వేసవిలో ట్యాంకరు మొహం చూడని చోట్లకి కూడా వేళకి నీళ్లు వచ్చాయి. గుంత దగ్గర మాత్రం ఇళ్లు లేవు కాబట్టి ఆగాల్సిన పని లేదని ఆపకుండా పొమ్మంది.

ట్యాంకరు డ్రైవరు ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మ్యాపు మేడం నా పక్కనే ఉంది.

"గుంత మలుపులో ఆగనివ్వడం లేదు పెద్ద మేడం. ఇదివరకు ఏ కాగితంలోనూ లేకపోయినా ఆగేవాణ్ని. ఇప్పుడు ఆగితే ఆఫీసు తెర మీద నా బండికి ఎర్ర గీత పడుతోంది. ఆ వెంటనే మెమో. వాళ్లు రోడ్డు మీదికొచ్చి క్యాన్లు పట్టుకుని నిలబడుతున్నారు. నేను తల తిప్పుకుని పోతున్నాను."

"ఆఫీసుకొచ్చి చెప్పమనవయ్యా" అన్నాను.

"చెప్పాను. రామంటున్నారు."

"రాకపోతే వాళ్ల ఖర్మ. ఇంటింటికీ వెళ్లి బతిమాలమంటావా?"

మ్యాపు మేడం టీ కప్పు కింద పెట్టేసి లేచి వెళ్లిపోయింది. సగం తాగలేదు. చక్కెర ఎక్కువైందేమో అనుకున్నాను.

అప్పుడే మార్చేసి ఉంటే సరిపోయేది. కానీ బూడిద రంగు తీసి ఇల్లని పెట్టాలంటే గుమ్మం ఫొటో కావాలి. మళ్లీ అక్క మొహం దగ్గరికే వచ్చింది. రేపు చేద్దాం, వాన పడ్డాక చేద్దాం అనుకుంటూ గడిపేసింది. కింద ఆ మనుషులు పంపుహౌసు నుంచి బిందెలు మోసుకుంటుంటే, పైన ఈ పిల్ల రోజూ ఆ బూడిద మచ్చ కనిపించకుండా తెరని పక్కకి జరుపుకుని పని చేసుకుంది. ఇది నాతో చెబుతున్నప్పుడు తల ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అప్పటికే తనని తను ఎంత తిట్టుకుందంటే, నేను తిట్టడానికి ఏమీ మిగల్లేదు.

చివరికి ఒకరోజు అక్కే వచ్చింది. ఆవిడెవరో నాకు తెలియదు. జుట్టులో తెల్లటి రాతి దుమ్ము, భుజం మీద తడి ఆరని తువ్వాలు. వరసలో తన వంతు వచ్చింది. కిటికీలోంచి నా వెనక్కి, మెట్ల వైపు చూస్తోంది.

"ఏంటమ్మా, చెప్పు. వెనక జనం ఉన్నారు."

"నీళ్ల ట్యాంకరు రావడం లేదండీ. గుంతకి."

"ఎన్నాళ్లయింది?"

"చాలా రోజులైంది. కుర్రాళ్లు మోస్తున్నారు. ముసలివాళ్లు మొయ్యలేకపోతున్నారు. నిన్న ఒకాయన దారిలో పడిపోయాడు. అందుకని వచ్చాను."

"మరిన్నాళ్లూ నిద్రపోయారా? ముందే వచ్చి చెప్పాలని తెలీదా?"

నేను తెర మీద గుంత తెరిచాను. ఇల్లు చూపించమంటే టైర్లున్న కప్పు మీద వేలు పెట్టింది. నొక్కాను. కంప్యూటరు ఫిర్యాదు తీసుకోలేదు. అక్కడ రాసి ఉన్నది నేను పైకే చదివాను.

"షెడ్డు, మనుషులు లేరు అని ఉందమ్మా."

"నేనున్నాను కదండీ."

"నువ్వున్నావు, కాదని ఎవరన్నారు? మ్యాపులో లేవు."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

"అలా ఎవరు రాశారండీ?" అని అడిగింది మెల్లగా.

"మా మ్యాపు మేడం. ఉండు, పిలుస్తాను. చేతిలో పని, చిటికెలో సరిచేస్తుంది."

"వద్దులెండి. పిలవకండి. నేను వెళ్తాను" అంటూ ఆవిడ వెనక్కి తిరిగింది. నాకేమో మా ఆఫీసు ఎంత బాగా పని చేస్తుందో చూపించాలని ఉబలాటం. ఉండవమ్మా అని కసిరి, ఫోను చేశాను.

మ్యాపు మేడం చకచకా మెట్లు దిగి వచ్చింది. చివరి మెట్టు మీద ఆగిపోయింది. ఆవిడని చూసింది. ఆవిడ కూడా ఈమెని చూసింది. నేను గుడ్డిదాన్ని కాను. రెండు మొహాలూ ఒక్కచోట చూశాక నాకింకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

ముందు మాట్లాడింది అక్కే. "మేడం గారూ, ఆ షెడ్డులో ఒక మనిషి ఉందని రాసుకోండి" అంది. గొంతులో కోపం లేదు. పరాయివాళ్లతో మాట్లాడినట్టే ఉంది. "మిగతా వాళ్లని తర్వాత రాసుకుందురుగాని. ముందు ఒకరున్నారని రాసుకోండి."

పిల్ల పెదవులు కదిలాయి. అక్కా అంటుందేమోనని చూశాను.

"అలాగేనండీ" అంది. "మేం వచ్చి చూస్తాం. మీరు వెళ్లండి."

ఎత్తుకుని పెంచిన మనిషిని పట్టుకుని అండీ అంది. ఆవిడ తల ఊపి, తువ్వాలు సర్దుకుని వెళ్లిపోయింది. పిల్ల మెట్ల పక్కన గోడ పట్టుకుని నిలబడిపోయింది. వరసలో ఉన్నవాళ్లకి ఏమీ అర్థం కాలేదు. ఒకాయన మా వీధి దీపం సంగతేంటని అడిగాడు. ఆగండి అని కసిరాను.

ఫొటో తీసేటప్పుడు ఫిర్యాదు తీసుకున్నవాళ్లు సాక్షిగా ఉండాలని మా ఆఫీసు రూలు. "పెద్ద మేడం, నాతో గుంతకి వస్తారా?" అని ఆ సాయంత్రమే అడిగింది. ఇద్దరం ఆఫీసు జీపులో బయలుదేరాం. నేనేమీ అడగలేదు. తనే చెప్పడం మొదలుపెట్టింది. మీకిప్పటిదాకా నేను చెప్పిందంతా ఆ జీపులో విన్నదే. ఇంకో సంగతి కూడా చెప్పింది. హాస్టల్లో ఉండగా ఒక ఆదివారం అక్క పనిలోంచి నేరుగా గేటు దగ్గరికి వచ్చిందట. ఒంటి నిండా రాతి దుమ్ము. పక్కనున్న పిల్లలు ఎవరే ఆవిడ అని అడిగారట. ఈ పిల్ల "తెలిసినావిడ" అందట. అక్క విన్నది. తెచ్చిన సంచీ చేతికిచ్చి, బాగా చదువుకోండి అని పిల్లలందరికీ కలిపి చెప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా గేటు దగ్గర ఆగలేదు. సంచీ వాచ్‌మన్ చేతికిచ్చి పోయేది.

"అప్పుడు చిన్నపిల్లవి కదమ్మా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఉద్యోగం వచ్చినప్పుడు చిన్నపిల్లని కాదు కదండీ" అంది.

జీపు గుంత పైనే ఆగింది. కిందికి నడిచి దిగాలి. రాతి గోడల నీడ అప్పటికే కప్పుల మీద పడింది. ప్రతి ఇంటి ముందూ ఖాళీ క్యాన్లు వరసగా ఉన్నాయి. గిన్నెలు తోమక ఒకదాంట్లో ఒకటి దొంతర పెట్టి ఉన్నాయి. అరుగుల మీద ముసలివాళ్లు కూర్చున్నారు. మమ్మల్ని చూశారు. ఒక్కరూ లేవలేదు, ఒక్కరూ పలకరించలేదు. ఆ పిల్ల పక్కనుంచి నడిచిపోతుంటే అందరూ ఒక్కసారే తలలు పక్కకి తిప్పుకున్నారు. మమ్మల్ని చూసి ఒళ్లు మండుతోందని అనుకున్నాను.

అక్క గుమ్మంలోకి వచ్చి, మా ఇద్దరికీ చెరో గ్లాసు నీళ్లిచ్చింది. అంత లోతు దిగి వచ్చానేమో, గటగటా తాగేశాను. తాగాక గాని నాకు బుర్ర వెలగలేదు. ఆ పిల్ల తాగలేదు. గ్లాసు అలాగే చేత్తో పట్టుకుని నిలబడి, తర్వాత చుక్క కింద పడకుండా కుండలో పోసేసింది. కుండ ఎక్కడుందో వెతుక్కోలేదు.

"ఫొటో తీయాలండీ" అంది. "గుమ్మంలో నిలబడాలి."

"ఆ ఫొటో ఎవరు చూస్తారు మేడం గారూ?"

"ఆఫీసులో అందరూ."

అక్క భుజం మీది తువ్వాలు తీసి, కళ్లు తప్ప మొహమంతా కప్పుకుని గుమ్మంలో నిలబడింది. "ఇలా తీసెయ్యండి. దుమ్ముకి కట్టుకుందంటే సరిపోతుంది" అంది.

పిల్ల చేతిలో ఉన్న ట్యాబు పైకి ఎత్తింది, దించింది. మళ్లీ ఎత్తింది. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "పెద్ద మేడం, ఈమె మా అక్క" అంది.

"తెలుసులేమ్మా" అన్నాను.

నేను అనుకున్నదేమిటంటే, ఆవిడ చెల్లెల్ని దగ్గరికి తీసుకుంటుందని. అలా జరగలేదు. తువ్వాలు లాగేసి, చెల్లెలి మీదికి వచ్చింది. ఆ రోజు మొదటిసారి మేడం అనడం మానేసింది.

"ఎందుకు చెప్పావే? నిన్నెవరు చెప్పమన్నారు? ఇన్నేళ్లూ మేం నోళ్లు కట్టుకుని కూర్చున్నది ఇలా నీ చేతులతో నువ్వే పాడు చేసుకుంటావనా?"

"నోళ్లు కట్టుకోవడమేంటి అక్కా?"

అరుగు మీది ముసలాయన చెప్పాడు. ఇప్పుడు మాత్రం తల మా వైపు తిప్పి చెప్పాడు.

"నీకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మీ అక్క ఇంటింటికీ తిరిగిందమ్మా. మన పిల్ల ఆ ఆఫీసులో చేరింది, ఇంకెవరూ అటు వెళ్లకండి, ఏం కావాలన్నా మనమే సర్దుకుందాం, రోడ్డు మీద కనిపించినా పలకరించకండి అని చెప్పింది. మన పిల్లే కదా అని మేమూ సరేనన్నాం. దీపాలు పోయాయి, ఊరుకున్నాం. మురుగు ఇళ్లలోకి వచ్చింది, ఊరుకున్నాం. నీళ్లు ఆపేశాక కూడా వెళ్లొద్దనే అంది. నిన్న నేను పడిపోయాకే మనసు మార్చుకుంది."

నాకు మ్యాపు గుర్తొచ్చింది. గుంత మీద ఒక్క ఎర్ర చుక్క లేదు. ఇంజనీరు గారు అంతా సవ్యంగా ఉందన్నారు. నేను ఇన్నాళ్లూ నిద్రపోయారా అన్నాను. అదంతా ఈ పిల్లకి తలవంపులు రాకూడదని ఒక ఊరు ఊరంతా మోసిన మౌనం. ఈ పిల్లేమో ఆ ఊరు మొత్తాన్నీ ఒక పెట్టెలో పెట్టి, మనుషులు లేరని రాసింది.

పిల్ల అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. అక్క దగ్గరికి రాలేదు. చాలాసేపటికి, "లే, బట్టలు పాడవుతాయి. ఉతకడానికి ఇక్కడ నీళ్లు లేవు" అంది. అది దెప్పడమో ఓదార్చడమో ఈనాటికీ నాకు తెలియదు.

ఫొటో తీసింది. తువ్వాలు లేకుండానే తీసింది. మొదటిది అలుక్కుపోతే మళ్లీ తీసింది. తర్వాత ప్రతి గుమ్మం దగ్గరికీ వెళ్లి అడిగి అడిగి ఫొటోలు తీసింది. ఎవరూ కాదనలేదు. అందరూ "నిలబడమంటారా మేడం" అనే అడిగారు.

మర్నాడు మీటింగులో ఆ గుమ్మాలన్నీ గోడ మీద పెద్ద తెర నిండా వచ్చాయి. పిల్ల లేచి నిలబడి చెప్పేసింది. తప్పు కంప్యూటరుది కాదని, కావాలని తనే అలా పెట్టానని, తను పుట్టింది అక్కడేనని, మొదటి ఫొటోలో ఉన్నది తన అక్కని. ఇంజనీరు గారు కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఓహో, అలాగా. సరే, మీకో మెమో వస్తుంది, దానికి జవాబు రాసివ్వండి. ఆ స్టాపు ఈ రోజే పెట్టించండి. తర్వాతది ఏంటి?" అన్నారు. అంతే. ఎవరూ నవ్వలేదు, ఎవరూ చెవులు కొరుక్కోలేదు. తర్వాతది బస్టాండు మరుగుదొడ్ల సంగతి, దాని మీద మాత్రం చాలాసేపు పోట్లాడుకున్నారు. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. ఈ "సరే" కోసమా అన్నేళ్లు అక్కని లేదనుకున్నది? ఎవరైనా తిట్టి ఉంటే తేలికపడేదేమో. కూర్చోమ్మా అని నేనే చెయ్యి పట్టి లాగాను.

ఇంట్లో కూడా చెప్పిందట. అత్తగారు రెండు రోజులు ముభావంగా ఉండి ఊరుకుందట. భర్త మాత్రం ఒక్కటే అడిగాడట, "మరి మన పెళ్లికి ఆవిణ్ని ఎందుకు పిలవలేదు?" అని.

ట్యాంకరు మళ్లీ గుంత మలుపులో ఆగుతోంది. ఆ వారంలోనే గుంతవాళ్లు నా కిటికీకి రావడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లుగా దాచుకున్నవన్నీ తీసుకొచ్చారు. దీపాలు, మురుగు, కూలిపోయేలా ఉన్న రాతి గోడ, ఒక్కసారీ రాని చెత్త బండి. ఫిర్యాదుల మ్యాపులో ఆ తెల్ల మచ్చంతా ఎర్రబడిపోయింది. మ్యాపు మేడం తనంతట తనే కిందికి దిగి వచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని వాళ్ల ఫిర్యాదులు రాయడం మొదలుపెట్టింది. మావయ్యా, పిన్నీ అని వరసలు పెట్టి పిలిచింది. వాళ్లు మాత్రం మేడం గారూ అనే అన్నారు, ఆమె మొహం వైపు చూడకుండా తెర వైపు చూస్తూ మాట్లాడారు. అన్నేళ్ల అలవాటు, ఒక్క రోజులో ఎలా పోతుంది?

ఒక పొద్దున అక్క కూడా వరసలో నిలబడింది. వెనకున్నావిడ వేరే వీధి మనిషి, మాటకారి. కిటికీలోంచి పిల్లని చూసి, అక్కని చూసి, "ఆ మేడం మీకేమవుతుంది? అచ్చం మీ పోలికే" అంది.

మాకు వినపడేంత దగ్గరలోనే ఉన్నారు. పిల్ల తల ఎత్తి అక్క వైపు చూసింది. ఏం చెబుతుందా అని ఆశగా చూసింది.

"తెలిసినావిడండీ" అంది అక్క. ఆ మాటలో దెప్పు లేదు, కోపం లేదు. అలవాటుగా వచ్చేసింది.

పిల్ల చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. నేను అటు చూడలేకపోయాను. తర్వాత ఎవరో రండి అని పిలిచాను. అక్క ముందుకి వచ్చి, తన ఇంటి మీద వేలు పెట్టి చూపించింది.